మూడో ప్రశ్న

“ఆ లిఫ్టు ఇవాళో రేపో తెగి పడుతుంది, చూస్తూ ఉండండి.”

ఇస్త్రీ పెట్టె చొక్కా కాలరు మీద ఆనించి నేనన్న మాట ఇది. అప్పటికి ఏమీ జరగలేదు. లిఫ్టు తన మానాన తాను కిందికీ పైకీ తిరుగుతోంది. మేముండే ఐదో అంతస్తు దగ్గర ఎప్పట్లాగే చిన్నగా మూలిగి ఆగుతోంది. మా ఆయన బనీనుతో నిలబడి చొక్కా కోసం చెయ్యి చాపారు.

“నువ్వు పడుతుందన్నావంటే దానికి నూరేళ్ళ ఆయుష్షు. ఇరవై నాలుగేళ్ళుగా వింటున్నా, నువ్వు పడుతుందన్నది ఒక్కటీ పడలేదు.”

మా అమ్మాయి టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చుని ఉంది. “దానికి ఎన్ని తాళ్ళుంటాయో తెలుసా అమ్మా? ఆరు. ఇనప తాళ్ళు. ఒక్కటి చాలు మనందర్నీ మొయ్యడానికి.”

“ఆ ఒక్కటీ తెగితే?”

“ఇంకో అయిదుంటాయి.”

“ఆరూ తెగితే?”

“బ్రేకు పట్టాలని కరుచుకుంటుంది.”

“అది కరుచుకోకపోతే?”

“అప్పుడు నువ్వున్నావుగా. ఒక్క అరుపు అరుస్తావు, ఆ దడుపుకి ఆగిపోతుంది.”

తండ్రీ కూతుళ్ళిద్దరూ నవ్వారు.

మా ఇంట్లో నన్ను సైరన్ అంటారు. పేరు పెట్టింది మా ఆయనే. చుట్టాల ముందు కూడా అదే పిలుపు. “సైరన్ మోగింది, గొడుగులు తీసుకోండి” అంటారు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వకపోతే “సరదాకన్న మాట కూడా పడదు ఈవిడకి” అని ఇంకో నవ్వు. మా అత్తగారున్న రోజుల్లో ఆవిడది ఇంకో మాట: “మీ అమ్మ నిన్ను ఉలిక్కిపడి కన్నదేమోనే.” ఏం చెప్పను, నిజమేనేమో. పాలు పొయ్యి మీద పెడితే పొంగుతాయని భయం, పెట్టకపోతే విరుగుతాయని భయం. గడప దాటినవాళ్ళు మళ్ళీ గడపలోకి వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. కానీ ఒక్క సంగతి ఈ మధ్యనే అర్థమైంది. ఇంట్లో భయపడటం కూడా ఒక పనే. గిన్నెలు తోమడం, బట్టలారెయ్యడం లాంటిదే. గ్యాసు కట్టేశామా, గడియ పెట్టామా, ఈయన బీపీ మాత్ర వేసుకున్నారా, అమ్మాయి ఫోనెందుకు ఎత్తడం లేదు, వీటన్నిటికీ ఒకళ్ళు భయపడితేనే మిగతావాళ్ళు కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకోగలరు. ఆ పని నాకెవరూ అప్పజెప్పలేదు, నేనూ అడగలేదు. పెళ్ళైన కొత్తలో ఆ చోటు ఖాళీగా కనిపించి కూర్చున్నాను, మళ్ళీ లేవడం కుదర్లేదు. అమ్మాయిని బడిలో వేసేటప్పుడు కాగితంలో ‘తల్లి వృత్తి’ అని ఒక గడి ఉంది. మా ఆయన పెన్ను ఆపకుండా ‘ఏమీ లేదు’ అని రాశారు. నేను పక్కనే దాని ముక్కు తుడుస్తూ నిలబడ్డాను.

అమ్మాయికి ఈ లిఫ్టుల పిచ్చి రెండేళ్ళ కిందట పట్టింది. అప్పుడు మా బిల్డింగు లిఫ్టు తొమ్మిది రోజులు ఆగిపోయింది. బాగుచెయ్యడానికి ఒక పెద్దాయన వచ్చాడు, అందరూ లిఫ్టు మేస్త్రీ అంటారు. ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్న మా పిల్ల సెలవులని ఆయన వెనకాలే డాబా మీది మోటారు గదిలోకి దూరింది. పానాలందించింది, టార్చి పట్టుకుంది, తొమ్మిది రోజులూ మోచేతుల దాకా గ్రీజు పూసుకుని వచ్చింది. ఆ మేస్త్రీ పోతూ పోతూ మా గుమ్మం ముందాగి, “అమ్మా, మీ పిల్ల చేతులు వణకవు. ఈ పనికి తెలివి తర్వాత, ముందు కావల్సింది అది” అన్నాడు. నేను మంచినీళ్ళిచ్చి పంపేశాను. అమ్మాయికి మాత్రం రెక్కలొచ్చినట్టైంది. ఇరవయ్యేళ్ళలో దానికి ఫలానా పని నీకు నప్పుతుంది అని చెప్పిన మొదటి మనిషి ఆయన. మేమందరం ఫలానా పని నీకు నప్పదు అని చెప్పినవాళ్ళమే.

డిప్లొమా అయ్యాక లిఫ్టుల కంపెనీ ఒకటి ప్రకటన వేసింది. ఏడాది శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం. పరీక్ష రాసింది, పాసైంది. ఇంటర్వ్యూకి వెళ్ళింది, అదీ అయింది. మిగిలిన ముప్ఫై మందిలో ఆడపిల్ల ఇదొక్కతే. చివరి కాగితాలు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి తండ్రి ముఖంలోకి చూసింది.

“నాకేం అభ్యంతరం లేదమ్మా” అన్నారు ఆయన. “ఆడపిల్లవని నేనెప్పుడైనా తేడా చూపించానా, చెప్పు? కానీ మీ అమ్మ సంగతి తెలుసుగా. నువ్వక్కడ లిఫ్టు గోతిలోకి దిగిన రోజు ఇక్కడ ఈవిడ గుండె ఆగుతుంది. ఆ పాపం నువ్వు మోస్తావా?”

ఇద్దరూ నా వంక చూశారు. నేను ఉల్లిపాయ తరుగుతున్నాను, కళ్ళలో నీళ్ళున్నాయి, వాటికి ఎవరిష్టమొచ్చిన అర్థం వాళ్ళు తీసుకోవచ్చు. ఆయనకి ఇదొక అలవాటు. ఏదీ తాను కాదనరు. పెళ్ళైన రెండో ఏట నేను స్కూటరు నేర్చుకుంటానంటే, “నేర్చుకో, నాకేం? కానీ నీకే భయం కదా” అన్నారు. మా అక్క ఊరికి ఒక్కదాన్నే వెళ్ళొస్తానంటే, “వెళ్ళు, కానీ నీకే భయం కదా.” ఆ మాటనగానే నాకు నిజంగానే భయం వేసేది. ఇప్పుడదే మాట కూతురికి. ఆయన చేతులకి మసి అంటలేదు, వద్దన్న తల్లినయ్యాను. అన్ని తలుపులకీ నన్నే గడియగా వాడుకున్నారు ఆయన. గడియకి మాత్రం ఏం తెలుస్తుంది, తనని ఎవరు వేస్తున్నారో?

అయినా అమ్మాయి కాగితాలు నింపింది. ఇంటి ఫోను నంబరు అన్న చోట నాది రాసింది.

“మీ నాన్నది రాయచ్చుగా?”

“నాన్నైతే అవతలివాళ్ళకి లెక్చరిస్తారు. నువ్వైతే అడిగినదానికి జవాబు చెప్తావు. ఆఖరి జాబితా వేసే ముందు ప్రతి ఇంటికీ ఫోను చేసి మూడు ప్రశ్నలడుగుతారట. వెనక ఎవడో జబ్బు దాచి చేరాడట, అప్పట్నించీ ఈ పద్ధతి పెట్టుకున్నారు.”

“ఏం చెప్పాలే?”

“ఉన్నది చెప్పు. అంతకంటే ఏం లేదు.”

ఫోను వారం తర్వాత వచ్చింది. దానికి ముందు రోజు కూరగాయలు తెస్తూ మెట్లెక్కి వచ్చాను, నేను లిఫ్టెక్కను కదా. మా అంతస్తులో లిఫ్టు తలుపు బార్లా తెరిచి ఉంది, వెనక లిఫ్టు లేదు. మరమ్మతు చేస్తున్నవాళ్ళెవరో కర్ర అడ్డం పెట్టి పైకెళ్ళారు. నేను గోడ పట్టుకుని ఒక్కసారి లోపలికి తొంగి చూశాను. చీకటి. కింద ఎక్కడో నీటి తడి మెరుస్తోంది. అడుగునించి చల్లగాలి నా ముఖానికి కొట్టింది, నూతిలోంచి కొట్టినట్టు. అక్కడ నా పిల్ల నిలబడి ఉండటం, పైనించి లిఫ్టు దిగుతూ రావడం, రెండూ నాకు కనిపించాయి. కూరల సంచీ ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు, పక్కింటావిడ తెచ్చిచ్చింది.

మర్నాడు పదకొండింటికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, సబ్బు చేతులతో ఫోనెత్తాను. ఆడగొంతు, మెత్తగా మాట్లాడింది. శిక్షణకి మీ ఇంట్లో అందరికీ ఇష్టమేనా అమ్మా? ఇష్టమేనండి అన్నాను. ఎముకలు విరగడం, ఆపరేషన్లు లాంటివి ఏమైనా? లేవండి అన్నాను. ఆ రెండూ చెప్పేటప్పుడు నా గొంతు బాగానే ఉంది.

“ఆఖరిది అమ్మా. కళ్ళు తిరగడం, ఎత్తంటే భయం, మూర్ఛ, ఇలాంటివేమైనా ఉన్నాయా?”

దానికి ఏడేళ్ళప్పుడు బళ్ళో ఎండలో వరసలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. ఒకే ఒక్కసారి. అది కూడా జబ్బు కాదు. ఆ పొద్దున మా అత్తగారికి ఆయాసం ఎక్కువై నేను ఆవిడ చుట్టూ తిరుగుతూ పిల్లకి ఏమీ పెట్టకుండా పంపేశాను. ఖాళీ కడుపు.

“ఉన్నాయండి” అన్నాను.

“ఏవమ్మా?”

“కళ్ళు తిరుగుతాయి. అప్పుడప్పుడూ... పడిపోతుంది.”

“చెప్పి చాలా మంచి పని చేశారమ్మా. చాలామంది దాస్తారు.”

ఫోను పెట్టేశాక సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నేను చేసిన పనిని మంచి పని అని బయటి మనిషి అనడం ఎన్నేళ్ళ తర్వాతో. చేతుల మీద సబ్బు ఎండిపోయి చర్మం బిగుసుకుంది. సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఆ రోజు నాకు ఆకలేసింది, నిద్రపట్టింది. పిల్ల దక్కింది అనుకున్నాను.

నాలుగు రోజులకి దాని ఫోనుకి రెండు ముక్కలొచ్చాయి: ఆరోగ్య కారణాల వల్ల తీసుకోలేకపోతున్నాం. అది నమ్మలేదు, కంపెనీకి పరిగెత్తింది. వివరాలు చెప్పకూడదన్నారు, ముప్ఫయ్యో చోటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. “నాకేం రోగం అమ్మా?” అని గుమ్మంలోనే అడిగింది. ఇంటర్వ్యూ చేసినవాళ్ళకి ఏదో కనిపించి ఉంటుంది, చెప్పడం లేదు, చిన్నప్పుడు బళ్ళో పడినట్టు కళ్ళు తిరిగే రోగమేమో, అని దాని అనుమానం. ఫోనులో నేనేం చెప్పానని అడగాలని కూడా దానికి తోచలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంది, నేనూ వెళ్ళాను. కళ్ళు చూశారు, రక్తం చూశారు, చెవిలో నీళ్ళు పోసి తల తిప్పి చూశారు. నేను పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను. అంతా బాగానే ఉందని డాక్టరంటే నా పిల్ల ఆయన్ని నమ్మలేదు. “వాళ్ళంత పెద్ద కంపెనీ, ఊరికే అంటారా?” అంది.

మా ఆయన వారం కూడా ఆగలేదు. “చూశావా, అన్నీ మన మంచికే. బాబాయి ఆఫీసులో చోటుంది, కూర్చుని చేసే పని, ఏసీ గది” అన్నారు. మా మరిది బీమా కాగితాల ఆఫీసు నడుపుతాడు. అమ్మాయి వెళ్ళి అక్కడ కూర్చుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక కాగితంలో ఉన్న పేర్లు ఇంకో కాగితంలోకి ఎక్కించడం. మరిది వచ్చినప్పుడల్లా, “వదినా, నీ కూతురు బంగారం, నోట్లో నాలుక లేదు” అంటాడు. నోట్లో నాలుక లేకపోవడం ఎప్పట్నించి? ఆ నాలుకతోనే కదా నన్ను ఆటపట్టించేది. ఇంటికొచ్చి ఏం కూరో అడగదు, పెట్టింది తింటుంది, కంచం కడిగి వెళ్ళిపోతుంది. నేను ఏదైనా పడుతుందంటే ఎన్ని తాళ్ళో చెప్పదు. “ఊఁ” అంటుంది. ఒప్పుకుంటుంది. నేను జీవితమంతా కోరుకున్నది ఇదే కదా, నా భయాన్ని ఎవరైనా ఒప్పుకోవాలని. ఒప్పుకుంటుంటే నేనే మాట మార్చి వేరే పని వెతుక్కుంటున్నాను.

నాలుగు నెలలు ఇలాగే. ఒకరోజు అటక మీది పెట్టె కావాల్సొచ్చింది. అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. ఇదివరకైతే కుర్చీ మీద స్టూలు వేసి దాని మీద ఒంటికాలి మీద నిలబడేది, నేను కింద గుండెలు బాదుకునేదాన్ని. ఇప్పుడు కుర్చీ ముందు ఆగిపోయింది. గోడని ముట్టుకుంది. వెనక్కి తిరిగి నన్ను పిలిచింది.

“అమ్మా, కాస్త కుర్చీ పట్టుకుంటావా? మళ్ళీ కళ్ళు తిరిగితేనో.”

మళ్ళీ అంది. బళ్ళో ఆ ఒక్కసారి తప్ప ఎప్పుడూ తిరగని కళ్ళకి మళ్ళీ ఏమిటి? నేను కుర్చీ పట్టుకున్నాను. నా ముఖానికి ఎదురుగా దాని మోకాళ్ళు. సన్నగా వణుకుతున్నాయి. పెట్టె అందుకుంటుంటే చేతులు కూడా. అప్పటిదాకా నేననుకున్నది ఒక ఉద్యోగం పోగొట్టానని, ఇంకోటి వస్తుందిలే అని. ఒక్క ముక్కతో దాని ఒంటినే దానికి కాకుండా చేశానని, నా జబ్బు నోటితో దానికి ఎక్కించానని, ఆ వణుకు చూశాక తెలిసింది. ఇంక పదేళ్ళు పోతే దీనికీ ఎవడో ఒకడు సైరన్ అని పేరు పెడతాడు.

మర్నాడు పదకొండింటికే ఆ నంబరుకి ఫోను చేశాను. అదే గొంతు. మూడుసార్లు కట్ చేసి నాలుగోసారి మాట్లాడాను.

“నేనప్పుడు అబద్ధం చెప్పానండి. మా పిల్లకి ఏమీ లేదు.”

ఆవిడ కోప్పడలేదు, అదే నయం. ఆ బ్యాచీ ఎప్పుడో మొదలైపోయిందంది. మూడు నెలల్లో ఇంకోటి ఉంది, పరీక్షలో పాసైంది కాబట్టి పేరు మళ్ళీ పరిశీలనకి పెట్టచ్చు, తీసుకుంటారో లేదో తాను చెప్పలేనంది. “డాక్టరు కాగితం కావాలి. మీరు చెప్పింది తప్పని కాగితం రాసివ్వాలి. ఎందుకు చెప్పారో కారణం ఉండాలమ్మా, అది లేకపోతే పైవాళ్ళు చూడరు. కింద మీ సంతకం, అమ్మాయి సంతకం.”

“దానికి తెలియకుండా కుదరదా అండీ?”

“తన ఉద్యోగం కదమ్మా. తనకి తెలియకుండా ఇప్పటికే ఒకటి జరిగింది.”

కాగితం రాయడానికి రెండు రోజులు పట్టింది. నేను పదో తరగతి తర్వాత కూరగాయల చీటీలు తప్ప ఏమీ రాయలేదు. జరిగింది రాయడం పెద్ద కష్టం కాలేదు. కారణం దగ్గరే చెయ్యి ఆగింది. ‘సరిగ్గా వినపడక’ అని రాసి కొట్టేశాను. ‘పొరపాటున’ అని రాసి కొట్టేశాను. ‘మా ఇంట్లో ఇష్టం లేక’ అని రాసి ఎక్కువసేపు చూశాను, అదీ కొట్టేశాను. ఇంకో తెల్ల కాగితం మీద మొత్తం మళ్ళీ రాసి, కారణం దగ్గర ఖాళీ వదిలేశాను.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురికీ టీ పోశాను. ఆయన పేపరు వెనక ఉన్నారు. అమ్మాయి ఆరిన బట్టలు మడతపెడుతోంది. కాగితం బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఫోనొచ్చిన రోజు నించి మొదలుపెట్టి ఏదీ వదలకుండా చెప్పాను.

మొదట మా ఆయనే తేరుకున్నారు. “నువ్వా?” అని ఒక నవ్వు నవ్వారు. “సరే, అయిందేదో అయింది, మంచే జరిగింది. ఇప్పుడీ కాగితం ఎందుకు? చింపెయ్. తమ్ముడికి నేనేం చెప్పుకోను? పిల్లని నమ్మి కుర్చీ ఇచ్చాడు.” నేను కాగితాన్ని ఆయనకి అందకుండా అమ్మాయి వైపు జరిపాను. “పోనీ నీకు భయం లేదా ఇప్పుడు? రేపు అది ఆ గోతిలోకి దిగితే నువ్వు బతుకుతావా?”

“భయమే” అన్నాను. “ఇప్పుడు కూడా.”

అమ్మాయి చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి కాగితం తీసుకుని చదివింది. రెండోసారి చదివింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను, కాగితం నా ముఖాన కొడుతుందనుకున్నాను. నేను అనుకున్నవేవీ జరగవని మా ఆయన ఊరికే అనరు.

“డాక్టరు నా చెవిలో నీళ్ళు పోస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు” అంది.

“ఊఁ.”

“నా చెయ్యి పట్టుకున్నావు.”

“ఊఁ.”

“అప్పుడు కూడా చెప్పలేదు.”

కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది, పెన్ను మూత తీసింది. ముందు సంతకం పెట్టింది. తర్వాత ఖాళీగా ఉన్న చోట పెన్ను ఆనించింది.

“కారణం రాయలేదు నువ్వు. ఏం రాయను?” తలెత్తి నన్ను చూసింది. “నాన్న చెప్పమన్నారని రాయనా?”

పేపరు కిందికి దిగింది. “నేనెప్పుడు చెప్పమన్నానే? నాకసలు ఆ ఫోను సంగతే తెలీదు. చెప్పవే, నేను చెప్పమన్నానా?” అన్నారు ఆయన.

అమ్మాయి ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. అది నాకొక దారి ఇస్తోందని తెలుస్తూనే ఉంది. ఔనంటే చాలు, నా మీద కోపం సగం ఆయన మీదికి పోతుంది, మా అమ్మ మంచిదే పాపం అనుకోవడానికి దానికి వీలవుతుంది. పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆయన చెప్పమనలేదు, నిజమే. చెప్పమనాల్సిన అవసరం లేకుండా ఇరవై నాలుగేళ్ళు నన్ను తయారుచేశారు. నీకే భయం కదా, నీకే భయం కదా అని రోజుకో చుట్టు చుట్టి వదిలితే బొంగరం తిరగక ఏం చేస్తుంది? ఆ మాట ఆయన ముఖాన అనాల్సిన రోజు ఒకటి ఉంది, అంటాను కూడా. కానీ ఆ పదకొండింటికి ఇంట్లో ఆయన లేరు. అత్తగారు పోయి ఆరేళ్ళైంది. ఆ ఫోను దగ్గర ఉన్నది నేను, నా చెయ్యి, నా నోరు. మంచో చెడో, ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగకుండా నా అంతట నేను చేసిన పని అదొక్కటే. దాన్ని కూడా ఆయన పేరున రాయిస్తే ఈ ఇంట్లో నేనెక్కడున్నట్టు? ఆ దారిన నేను తప్పించుకుంటే, రేపు దాని భయానికి అది ఎవరి పేరు వెతుక్కుంటుంది?

టీ మీద మీగడ కట్టింది. ఎదురింట్లో ఎవరో చాప దులుపుతున్నారు, దెబ్బ దెబ్బకీ మధ్య ఎడం తెలుస్తోంది. ఆయన పేపరు మళ్ళీ ఎత్తలేదు. పెన్ను ముల్లు ఆనిన చోట చిన్న చుక్క సిరా పెద్దదవుతోంది, అయినా అమ్మాయి పెన్ను తియ్యలేదు, తొందరపెట్టలేదు. దాని చెయ్యి వంక చూశాను. ఆ చెయ్యి వణకడం లేదు.

“వద్దు” అన్నాను. “నన్నెవరూ చెప్పమనలేదు. కళ్ళు తిరిగేది మా అమ్మకి, నాకు కాదు, అని రాయి.”